అప్పుల పద్దులో మన పేర్లు

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో నేను హాజరును గూర్చియో, పదవ తరగతి ఫలితములను గూర్చియో మాటలాడుట ఆనవాయితీ. ఈ యేడు అప్పులను గూర్చి మాటలాడదలచితిని. బడిపంతులుకు అప్పుల మాట యేల యని మీరు నవ్వవచ్చును. అప్పుల సంగతి బడిపంతులుకంటె బాగుగా ఎరిగినవాడెవడని లోలోపల అనుకొనువారును ఉందురు. కాని నేను చెప్పబోవు అప్పుల పద్దు మన పాఠశాల ప్రవేశపు రిజిస్టరులోనే మొదలగుచున్నది. ఈ సంగతి నాకు రెండేండ్ల క్రిందటనే తెలిసినది. తెలిసిన విధమును ముందుగా చెప్పెదను.

మన బడిలో చదివి, కృష్ణగిరిలో ప్లస్ టూ ముగించి, ఇంజనీరింగు కళాశాలలో సీటు సంపాదించుకొన్న పిల్లవాడొకడు ఒకనాటి సాయంకాలము నా యింటికి వచ్చెను. వాని అసలు పేరు చెప్పను; కే. మునియప్ప అని అనుకొందము. విద్యాఋణముకొరకు ఒక బ్యాంకులో దరఖాస్తు పెట్టుకొనగా, వారు కాదనిరట. కారణమేమన, అతని పేర ఇదివరకే ఒక వ్యవసాయపు అప్పు ఉన్నదట. అది మూడేండ్లుగా తీరలేదట. పిల్లవానికి పదునెనిమిదేండ్లు నిండి నాలుగు నెలలైనను కాలేదు.

"సార్, నేను టెన్త్ చదివేటప్పుడే బోరు వేయించడానికి అప్పు తీసుకున్నానంట సార్" అని చెప్పి వాడు నవ్వబోయెను, కాని నవ్వు రాలేదు.

బోరు వేయించినది వాని తాత. నీళ్లు పడలేదు, అప్పు మిగిలినది. అది మన ప్రాంతమున క్రొత్త కథ కాదు. క్రొత్త సంగతి యేమనగా, తాత అప్పు మనుమని దస్త్రములోనికి నడచి వచ్చినది. అది యెట్లు వచ్చినదో తెలిసికొనుటకు నాకు నెలలు పట్టినవి. నేను లెక్కల పంతులును గనుక కొంత చదివితిని, కొంత బ్యాంకువారిని అడిగితిని.

అప్పు ఇచ్చు ప్రతి బ్యాంకును తాను ఎవరికి ఎంత ఇచ్చెనో, వారెట్లు తీర్చుచున్నారో ఆ వివరములను ఋణ సమాచార సంస్థలనువానికి పంపును. వీనినే క్రెడిట్ బ్యూరోలందురు. మన దేశములో వీనిలో మొదటిది 2000 సంవత్సరమున ఏర్పడిన సిబిల్. వనస్పతి నంతయు మనవారు డాల్డా యన్నట్లు, ఏ సంస్థ యిచ్చిన వివరమునైనను జనులు సిబిల్ అనియే అందురు. 2005లో పార్లమెంటు ఈ సంస్థలకొక చట్టము చేసినది. ఆ తరువాత ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను మరి మూడును వచ్చినవి. 2015లో రిజర్వు బ్యాంకు ఉత్తరువు ననుసరించి అప్పు ఇచ్చు సంస్థలన్నియు ఈ నాలుగింటను సభ్యులు కావలసి వచ్చినది. వివరములు పూర్వము నెలకొకసారి పోవుచుండెను. 2025 జనవరి మొదలు కనీసము పదునైదు దినములకొకసారి పోవలెనను నియమము వచ్చినది. వీనినిబట్టి మనిషికి మూడువందలనుండి తొమ్మిదివందల వరకు ఒక మార్కు వేయుదురు. మార్కులు వేయుట మనకు తెలిసిన పనియే గనుక దానిని వదలివేసెదను. మన కథ అంతకుముందరి మెట్టులో ఉన్నది. మార్కు వేయుటకు ముందు, ఈ పేపరు ఏ పిల్లవానిదో తెలియవలెను గదా!

బ్యాంకునుండి పోవునది ఒక్కొక్క అప్పునకు ఒక్కొక్క వరుస. అందులో పేరు, పుట్టినతేది, స్త్రీయో పురుషుడో, పాన్ కార్డు, ఓటరు కార్డు, రేషను కార్డు మొదలగువాని సంఖ్యలు, ఫోను నంబరు, విలాసము, పిన్‌కోడు ఉండును. అంతే. ముఖము ఉండదు, వ్రేలిముద్ర ఉండదు. మన ఊరి తపాలా ఉద్యోగి "గౌరమ్మ" యని వ్రాసిన జాబు చేత పట్టుకొని, ఇది చింతచెట్టు క్రింది గౌరమ్మదా, గుడివెనుక గౌరమ్మదా యని చేవ్రాలు చూచియే చెప్పును. ఎక్కడనో నగరములో ఉన్న యంత్రమునకు చింతచెట్టు తెలియదు. ఈ క్రొత్త వరుసను ఇదివరకున్న కోట్లకొలది దస్త్రములలో దేనియందు చేర్చవలెనో అది అక్షరములను అంకెలను చూచియే నిర్ణయింపవలెను.

ప్రతి సంస్థయు తన పద్ధతిని రహస్యముగా దాచుకొనును గాని, ఈ విద్య యొక్క మూలము రహస్యము కాదు; అచ్చుపుస్తకములలో ఉన్నది. అమెరికాలో పిట్స్‌బర్గు నివాసి రాబర్ట్ రస్సెల్ అనునతడు 1918లో ఒక పద్ధతికి పేటెంటు పొందెను. పేరును వ్రాత ననుసరించి కాక ఉచ్చారణ ననుసరించి వర్గము చేయుట అందలి యుపాయము. పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరమును అట్లే ఉంచి, తక్కిన హల్లులకు, దగ్గర ధ్వనులవానికెల్ల ఒకే అంకె వేయుదురు, అచ్చులను వదలివేయుదురు. బీ, పీ, ఎఫ్, వీ అన్నిటికిని ఒకటి. ఎమ్, ఎన్ రెంటికిని అయిదు. సౌండెక్స్ అని దీనికి పేరు. అక్కడి జనాభా లెక్కల చీట్లను కూడ ఈ పద్ధతిలో సర్దిరి. ఒకే పేరును నలుగురు నాలుగు విధములుగ వ్రాసినను నాలుగును ఒకే సొరుగులోనికి వచ్చి పడుట దీని ప్రయోజనము.

ఇప్పుడు మన పేర్లను ఇందులో వేసి చూడుడు. నేను వేసి చూచితిని. గౌరమ్మ అను పేరును జీ అక్షరముతో వ్రాసిన జీ-650 వచ్చును. అదే పేరును అరవములో వ్రాయించి, దానిని చూచి మరియొకరు ఇంగ్లీషులోనికి మార్చిరనుకొనుడు. అరవములో క, ఖ, గ, ఘ నాలుగింటికిని లిపిలో ఒకటే అక్షరము గదా! అది ఆ భాషకు లోపము కాదు, దాని పద్ధతి యది. చదువువారు సందర్భమునుబట్టి గ యని పలుకుదురు. కాని గుమాస్తా కే అక్షరము వేసి కౌరమ్మ యని వ్రాయును. అప్పుడు వచ్చునది కే-650. అంకెలన్నియు కలిసినను మొదటి అక్షరము వేరగుటచేత సొరుగు వేరైపోయెను. భాగ్యమ్మ బీ-250, ఆమెయే పాక్కియమ్మగా వ్రాయబడిన పీ-250. గోపాలుడు జీలో, కోపాలుడు కేలో. దేవరాజు డీలో, తేవరాజు టీలో. ఇంగ్లీషు పేర్లకొరకు పుట్టిన జల్లెడలో మూడు లిపుల నడుమ బ్రతుకు మన పేర్లు ఈ విధముగ జారిపోవుచున్నవి. ఇప్పటి యంత్రములు ఇంతకంటె నేర్పు గలవే యగును. అయినను మొదట సొరుగులు చేసి, ఆ సొరుగులోని వారిని మాత్రమే ఒకరితో నొకరిని పోల్చుట నేటికిని ఈ పనిలో సామాన్యపద్ధతియే. కోట్ల వరుసలను కోట్ల దస్త్రములతో పోల్చుట యెంత యంత్రమునకైనను భారమే. ఒకే సొరుగునకు రాని రెండు వరుసలు ఎన్నడును ఎదురుపడవు.

ఒకే సొరుగునకు వచ్చినవానిని పోల్చుటెట్లు? ఇక్కడనే అసలు గణితము ఉన్నది. కెనడాలో హోవర్డ్ న్యూకంబ్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు వివాహ, జనన పత్రములను యంత్రముచేత జతపరచిన విధమును 1959లో ప్రకటించిరి. పదేండ్లకు, 1969లో, ఆ దేశపు గణాంకశాఖలోని ఫెలిగీ, సంటర్ అను ఇరువురు దానికి నిండైన సిద్ధాంతము కట్టిరి. అది నేను తక్కెడతో చెప్పెదను. రెండు వరుసలలో ఒక అంశము కలిసినచో కుడితట్టలో ఒక రాయి వేయవలెను. కలియనిచో ఎడమతట్టలో వేయవలెను. కాని రాళ్లన్నియు ఒక బరువు కావు. అరుదైన పేరు కలిసిన పెద్దరాయి. అందరికిని ఉన్న పేరు కలిసిన గులకరాయి. పాన్ సంఖ్య కలిసిన బండరాయి. స్త్రీ యనునది కలిసినంత మాత్రమున ఏమున్నది? సగము లోకము కలియును. ముల్లు ఒక గీటు దాటినచో "ఇద్దరును ఒక్కరే", మరియొక గీటు దాటకున్నచో "వేరు". నడుమ ఉన్నవానిని మనుష్యులు చూడవలెనని వారు చెప్పిరి. కోట్లు కోట్లుగా వరుసలు వచ్చిపడుచుండ, నడుమ ఉన్నవానినన్నిటిని కూర్చుండి చూచు మనుష్యులెందరుందురో మీరే ఊహించుకొనుడు.

ఇప్పుడు మన మునియప్ప వద్దకు మరలుదము. తాత పేరు మనుమనికి పెట్టుట మనవారి ఆచారము. ఆ తాత పేరు మునియప్ప, తాత తండ్రి పేరు కృష్ణప్ప. తాత తన కుమారునకు తండ్రి పేరు పెట్టి కృష్ణప్ప యనెను. ఆ కృష్ణప్ప తన కుమారునకు తన తండ్రి పేరు పెట్టి మునియప్ప యనెను. అరవనాట మన పేరుకు ముందు ఇంటిపేరు వ్రాయరు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే వ్రాయుదురు. తాతకును తండ్రి కృష్ణప్పయే, మనుమనికిని తండ్రి కృష్ణప్పయే. ఇద్దరును కే. మునియప్పలే! ఆంధ్రదేశములో ఇంటిపేరు వాడినచో తాత మనుమలకు ఇంటిపేరు కలియును, ఇక్కడ తండ్రి పేరు కలియును. ఎట్లు చూచినను మన పెద్దలు యంత్రమునకు చక్కని ఉచ్చు పన్నిపోయిరి. పేరు కలిసెను. విలాసము కలిసెను, ఉన్నది ఒక్క ఇల్లే. రేషను కార్డు సంఖ్య కలిసెను. కుటుంబమంతటికిని ఒక్కటే కార్డు గదా! ఫోను నంబరు కూడ కలిసెను. తాతకు ఫోను లేదు. బ్యాంకువారు నంబరు అడిగినప్పుడు మనుమడు తన నంబరు వ్రాసెను. పిల్లవాని నంబరు ఇమ్మని ఆ ముసలాయనతో చెప్పినది నేనే. అర్థము కాని సందేశములు వచ్చిన వాడు చదివి చెప్పునని నా ఆలోచన.

ఇక కలియకూడనిది పుట్టినతేది యొక్కటే. ఆ పాతఖాతాలో అది వ్రాసియే లేదు. తాతకు పాన్ కార్డు లేదు. తక్కెడలో కుడితట్ట నిండిపోయెను, ఎడమతట్టలో వేయుటకు ఒక్క రాయియు దొరకలేదు. ముల్లు వాలినది. యంత్రమును ఏమని నిందింపగలము? ఆ కాగితములే నా యెదుట పెట్టి, ముఖము చూపకుండ అడిగినచో, నేనును ఒక్కరే యని చెప్పియుందును.

పుట్టినతేది మాట వచ్చినది గనుక ఒక సంగతి ఒప్పుకొనవలెను. నేను ఉద్యోగమున చేరిన 1990 దశాబ్దిలో పిల్లలను బడికి తెచ్చిన తండ్రులలో పలువురు "మామిడికాయల కాలములో పుట్టినాడు", "జాతరకు మున్ను పుట్టినది" అని చెప్పుచుండిరి. మేము పంతుళ్లము వయస్సు సరిపోవునట్లు ఏప్రిల్, మే, జూన్ నెలలలో ఒక తేది వ్రాసితిమి. ఒక్కొక్క తరగతిలో సగముమందికి ఒకటే తేది పడిన రిజిస్టర్లు ఇప్పటికిని మన బీరువాలో ఉన్నవి. మేము వ్రాసిన ఆ తేదియే బదిలీ పత్రములోనికి, పదవ తరగతి సర్టిఫికెట్టులోనికి, అక్కడనుండి ఆధారులోనికి, బ్యాంకులోనికి పోయినది. న్యూకంబ్ తక్కెడలో బరువైన రాయిగ ఉండవలసిన పుట్టినతేదిని మేము మా చేతులతో గులకరాయిగ చేసితిమి. ఒకే ఊరిలో, ఒకే తేదిన పుట్టిన ఇద్దరు లక్ష్మమ్మలున్న ఆ తప్పు వారి తల్లిదండ్రులది కాదు, పంతుళ్లది.

ఊరిపేరు సంగతి కూడ చెప్పవలెను. వేప్పనపల్లి యను మన ఊరి పేరును ఇంగ్లీషులో ఒక పీతోను రెండు పీలతోను వ్రాయుదురు. చివర పల్లి యనువారును హళ్లి యనువారును కలరు. మన శాసనసభా నియోజకవర్గము పేరు హళ్లితోనే ముగియును. 2004 ఫిబ్రవరి వరకు మనది ధర్మపురి జిల్లా, తరువాత కృష్ణగిరి జిల్లా. పాతఖాతాలలో నేటికిని ధర్మపురియే ఉన్నది. ఊరు కదలలేదు, విలాసము కదలినది. ఇంటికి నంబరు, వీధికి పేరు లేని పల్లెలలో పిన్‌కోడు, తపాలా పేరు తప్ప విలాసములో మిగులున దేమియు లేదు. ఆ రెండును ఊరందరికిని ఒక్కటియే.

పాన్ కార్డు కథ వేరు. ఆ దరఖాస్తులో పొడి అక్షరములు కూడదు, పేరు విప్పి వ్రాయవలెను. ఇంటిపేరు ఎక్కడ అని అడుగుదురు. మనము తండ్రి పేరును అక్కడ వేయుదుము. పాన్ సంఖ్యలో అయిదవది ఆ ఇంటిపేరు మొదటి అక్షరమే. ఈ విధముగ బడిలో కే. మునియప్ప యైనవాడు పాన్ కార్డులో మునియప్ప కృష్ణప్పయో, కృష్ణప్ప మునియప్పయో యగును. బెంగుళూరుకో హోసూరుకో పనికి పోయినప్పుడు అక్కడివారు చివరి పేరును ఇంటిపేరుగ తలచి వానిని "మిస్టర్ కృష్ణప్ప" యందురు. అది వాని తండ్రి పేరు.

ఇంతవరకు ఇద్దరు మనుష్యులు ఒక దస్త్రములో కూడుట చెప్పితిని. ఒక మనిషి రెండు దస్త్రములుగ చీలుట యింకొక కష్టము. ఇది మన తల్లులకు ఎక్కువ. 2010లో ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ సంస్థల గొడవ మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. మన బంధువులు కుప్పము ప్రక్కన ఉన్నారు గదా! ఒక్కొక్క యిల్లాలికి ఒక సంస్థ ఇచ్చినది మరియొక సంస్థకు తెలియక నాలుగైదు చోట్ల అప్పులు పెరిగినవి. ఆ యేడు అక్టోబరులో అక్కడి ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగాం సంఘము 2011 జనవరిలో నివేదిక ఇచ్చినది. ఆ యేటి చివర, ఒక స్త్రీకి రెండుకంటె ఎక్కువ సూక్ష్మఋణ సంస్థలు అప్పు ఇయ్యరాదని నియమము వచ్చినది. నియమము మంచిదే. కాని ఈ సంస్థవద్ద నున్న గౌరమ్మయు ఆ సంస్థవద్ద నున్న కౌరమ్మయు ఒక్కరే యని తెలిసినగదా లెక్క కుదురుట! 2022లో ఆ రెండు సంస్థల పరిమితి తొలగి, కుటుంబ వార్షికాదాయము మూడు లక్షల లోపువారికి, అన్ని అప్పుల వాయిదాలును కలిసి నెలసరి ఆదాయములో సగము మించరాదను నియమము వచ్చినది. ఇప్పుడు ఒక్క మనిషి దస్త్రము చాలదు, ఇంటిల్లిపాది దస్త్రములును సరిగా ఉండవలెను.

చీలిన దస్త్రమువలన నష్టమేమని అడుగుదురు. మహిళాసంఘములో పదేండ్లు వాయిదా తప్పక కట్టిన తల్లి యొకతె పెద్ద అప్పునకు పోయినప్పుడు, ఆమె మంచితనమంతయు కౌరమ్మ సొరుగులో నిదురించుచుండును. గౌరమ్మ దస్త్రము తెరచిన ఖాళీగా ఉండును. ఎవరికిని బాకీ పడని మనిషికిని ఎన్నడును అప్పు తీసికొనని మనిషికిని యంత్రము దృష్టిలో భేదము లేకపోయెను. పరులఅప్పు మీద పడినచో మనము మొరపెట్టుదుము. మన మంచిపేరు పోయినచో పోయినదను సంగతియే మనకు తెలియదు. నాకు దీనిమీదనే ఎక్కువ బాధ.

ఇది మన దేశపు వింత కాదు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రమున ఒక స్త్రీ దస్త్రములో అదే పేరుగల మరియొకతె అప్పులు కలిసినవి. రెండేండ్లలో ఎనిమిదిసార్లు ఆమె ఈక్విఫాక్సు సంస్థకు మొరపెట్టుకొన్నను దిద్దబడలేదు. 2013లో అక్కడి జ్యూరీ ఆమెకు కోటి ఎనుబది లక్షల డాలర్లకు పైగా ఇయ్యవలెనని తీర్పు చెప్పినది; తరువాత న్యాయమూర్తి దానిని చాలవరకు తగ్గించెను. మరియొక వ్యాజ్యెము 2021లో అమెరికా సుప్రీంకోర్టు వరకు పోయినది. 2011లో కారు కొనబోయిన ఒకనిని, ప్రభుత్వపు నేరస్థుల జాబితాలోనివాడని చెప్పి అంగడివారు త్రిప్పి పంపిరి. ఆ జాబితాతో ట్రాన్స్‌యూనియన్ సంస్థ పోల్చినది మొదటిపేరు, చివరిపేరు రెంటినే, పుట్టినతేదిని చూడలేదు. ఆ విధముగ ముద్ర పడినవారు 8,185 మంది. వారిలో ఎవరి సమాచారము ఇతరులకు పంపబడినదో ఆ 1,853 మందికి మాత్రమే ఆ దావాలో నష్టపరిహారము కోరు హక్కు కలదని కోర్టు చెప్పినది. కంప్యూటర్లు పుట్టిన దేశములోనే పేరును మాత్రము నమ్ముకొన్న ఈ గతి పట్టినది. మన కే. మునియప్పలను గూర్చి చెప్పవలసిన దేమి?

పిల్లవాని సంగతి ముగించెదను. మేమిద్దరము ఋణ సమాచార సంస్థకు వ్రాసితిమి. అక్కడ తెలిసినదేమన, ఆ సంస్థ తనంతట తాను ఒక్క అంకెను కూడ దిద్దదు. వరుస పంపిన బ్యాంకు ఒప్పుకొనవలెను. ఆ బ్యాంకు శాఖకు పోగా ఒక ఉద్యోగి, "తాత అప్పే గదా, మనుమడు కట్టరాదా?" యని సలహా యిచ్చెను. తాత అప్పు తీర్చుట మనుమని ధర్మము కావచ్చును. దానిని నేను కాదనను. కాని ధర్మముగ తీర్చుట వేరు, తాను చేయని అప్పునకు ఎగవేతదారుగ వ్రాయబడుట వేరు. ఈ మాట ఆయనకు చెప్పితిని. ఆయన మంచివాడే, విని, తల ఊపి, పాత కాగితములు వెదకించెను. తాత ఓటరు కార్డు, మనుమని పాన్ కార్డు, పదవ తరగతి సర్టిఫికెట్టు చూపి, ఇద్దరు మునియప్పలును ప్రక్క ప్రక్కన నిలుచుండి సంతకము పెట్టిన తరువాత పని కదలినది. దస్త్రము శుభ్రమగునప్పటికి రెండు నెలలు దాటినవి. ఈలోపల కళాశాలలో మొదటి విడత ఫీజు కట్టుటకు తల్లి మెడలోని గొలుసు తాకట్టునకు పోయెను. విద్యాఋణము తరువాత వచ్చినది. గొలుసు ఇంకను రాలేదు. ముసలాయన నాతో అన్నమాట యొక్కటే: "నా పేరు వానికి పెట్టినందుకు నా అప్పు కూడా వానికి పోయెనా అయ్యా?"

ఆనాడు మాకు తెలియని కొన్ని సంగతులు మీకు చెప్పెదను. ఈ నాలుగు సంస్థలలో ప్రతిదానినుండియు ఏటికొకసారి పూర్తి నివేదికను ఉచితముగ పొందు హక్కు 2017నుండి మనకున్నది. తప్పు ఉన్నదని ఫిర్యాదు చేసిన ముప్పది దినములలో తేల్చవలెను. అందులో బ్యాంకునకు ఇరువదియొక దినములు గడువు. అది దాటినచో దినమునకు నూరు రూపాయల చొప్పున మనకు పరిహారము ఇయ్యవలెనని 2024 ఏప్రిల్ చివరనుండి అమలు. అంతటితోను తీరకున్నచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు మొర పెట్టుకొనవచ్చును. ఈ సంస్థలు 2022 సెప్టెంబరునుండి ఆయన పరిధిలోనికి వచ్చినవి. నివేదిక వచ్చినప్పుడు చివరి మార్కు చూచి మడిచి పెట్టకుడు. మొదటి పుట చదువుడు. అందులో పేరు ఎన్ని విధముల ఉన్నదో, ఏ ఫోను నంబర్లున్నవో, ఏ విలాసములున్నవో చూడుడు. మీది కాని నంబరు ఒకటి అక్కడ కనబడిన, మీది కాని అప్పు దాని వెంట వచ్చుచున్నదని అనుమానింపుడు. ఇంటిలో ముసలివారి ఖాతాకు పిల్లల నంబరు ఇచ్చియున్నచో, వారికొక చవుకరకపు ఫోను కొనిపెట్టి మార్పించుడు. నేను ఇచ్చిన పాతసలహాను ఈ సభలో ఉపసంహరించుకొనుచున్నాను. ఖాతాలో పుట్టినతేది ఉన్నదో లేదో అడుగుడు.

ఇక పాఠశాలలో మనము చేయగలిగినది. పదవ తరగతి పరీక్షకు పిల్లల పేర్ల జాబితాను పంపవలసి యున్నది. అందులో పడిన వ్రాతయే సర్టిఫికెట్టులో పడును. తరువాత దిద్దించుట ఎంత తిప్పటయో కొందరు తండ్రులకు తెలియును. ఈ యేడు జాబితా పంపుటకు ముందు వారము దినములు నా గదిలో బల్లమీద ఉంచెదను. పేరు తెలుగులో, అరవములో, ఇంగ్లీషులో మూడు విధముల వ్రాసియుండును. మీకు ఇంగ్లీషు రాకున్నను ఫరవాలేదు. నేను ఒక్కొక్క అక్షరముగ చదివి వినిపించెదను. ఆధారు కార్డు, రేషను కార్డు, ఉన్నచో ఇంటిలో పెద్దవారి బ్యాంకు పుస్తకము తీసికొని రండు. పిల్లవానికి తాత పేరు పెట్టియున్నచో ఆ మాట ముందే చెప్పుడు. పొడి అక్షరముతో విడువక తండ్రి పేరును పూర్తిగ వ్రాయింతము. తాతకును తండ్రిపేరు అదియే యైనచో పుట్టినతేదియు పాన్ సంఖ్యయు తప్ప వారిని వేరుపరచునది లేదు గనుక, ఆ పిల్లవానికి పదునెనిమిదేండ్లు నిండిన వెంటనే పాన్ కార్డు తీయించుడు. క్రింది తరగతుల తల్లిదండ్రులు కూడ రావచ్చును. ఒకటవ తరగతి రిజిస్టరులో దిద్దుట పదవ తరగతి సర్టిఫికెట్టులో దిద్దుటకంటె సులభము.

సోమవారము మొదలు శనివారము వరకు, ఉదయము తొమ్మిదింటినుండి నేను గదిలోనే ఉందును. కూలికి పోవువారు సాయంకాలము ఆరింటివరకు రావచ్చును.